ఇంటివాళ్ళని పిలవని పంచాయితీ

2023 సెప్టెంబర్ 22న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో మాట్లాడుతూ ఒక మ్యాప్ ఎత్తి చూపించారు. పైన 'కొత్త మధ్యప్రాచ్యం' అని హెడ్డింగ్. చేతిలో ఎర్ర మార్కర్. అరేబియా ద్వీపకల్పం నుంచి జోర్డాన్, ఇజ్రాయెల్ మీదుగా యూరప్ వైపు ఒక గీత గీశారు. ఆ గీతకి రెండు వారాల ముందే మన ఢిల్లీలో, జీ20 సదస్సులో, పేరు కూడా పెట్టేశారు: ఇండియా-మధ్యప్రాచ్యం-యూరప్ ఆర్థిక కారిడార్. మన ఓడరేవుల నుంచి యూఏఈ దాకా ఓడలో, అక్కడి నుంచి సౌదీ, జోర్డాన్ మీదుగా రైల్లో, ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి మళ్ళీ ఓడలో యూరప్‌కి సరుకు వెళ్తుందన్నమాట. ప్లాన్‌గా చూస్తే బాగుంది.

కానీ ఆ మ్యాప్‌లో వెస్ట్ బ్యాంక్ లేదు, గాజా లేదు. రెండూ ఇజ్రాయెల్‌లో కలిసిపోయి ఉన్నాయి. అక్కడ బతికే 50 లక్షల పైచిలుకు మనుషుల గుర్తు ఎక్కడా లేదు. సరిగ్గా 15 రోజులకి అక్టోబర్ 7 వచ్చింది.

మ్యాప్ వల్ల ఆ దాడి జరిగిందని నేను అనట్లేదు. ఆ రోజు హమాస్, దానితో వచ్చినవాళ్ళు కలిసి సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని గాజాకి ఎత్తుకుపోయారు. ఇళ్ళలో నిద్రపోతున్న వాళ్ళని, మ్యూజిక్ ఫెస్టివల్‌కి వచ్చిన మన వయసు వాళ్ళని చంపడానికి ఏ చరిత్రా సాకు కాదు. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్ళ సంఖ్య 70 వేలు దాటిందని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. దానికి అక్టోబర్ 7 కూడా సాకు కాదు. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో రాస్తే రెండు వైపుల వాళ్ళకీ కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

అప్పుడు మనలో చాలామందిమి ఇంటర్‌లో ఉన్నాం. గుర్తుండే ఉంటుంది, వాట్సాప్ స్టేటస్‌లు ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ రోజు లాగా మారిపోయాయి. మన మతం ఏంటో దాన్ని బట్టి మన టీమ్ డిసైడ్ అయిపోయింది. ఇజ్రాయెల్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించలేని వాళ్ళు కూడా జెండా పెట్టారు. ఇక టీమ్ ఎంచుకోని వాళ్ళు ఒక డైలాగ్‌తో తప్పించుకున్నారు: "అది వేల ఏళ్ళ గొడవ రా, ఎవడూ తీర్చలేడు."

అది వేల ఏళ్ళ గొడవ కాదు. జెరూసలేం పాతది, బైబిల్ పాతది, యూదుల జ్ఞాపకం చాలా పాతది. కానీ ఈ గొడవకి వయసు మహా అయితే 100, 120 ఏళ్ళు. తేదీలున్నాయి, సంతకాలున్నాయి, ఫైళ్ళున్నాయి. ఆ సంతకాల వరస చదువుతూ పోతే నాకు పదే పదే ఒకటే కనబడింది. ఆ నేల గురించి పెద్ద నిర్ణయం జరిగిన దాదాపు ప్రతిసారీ, ఆ నేల మీద ఉన్నవాళ్ళని పంచాయితీకి పిలవలేదు. ఈ పని ఇజ్రాయెల్ ఒక్కటే చేయలేదు. బ్రిటన్ చేసింది, అమెరికా చేసింది, అరబ్ దేశాలు ఇంకా ఎక్కువగా చేశాయి, చివరికి పాలస్తీనా నాయకులు కూడా తమ జనాన్ని అడగడం మానేశారు.

మొదటి సంతకం 1917 నవంబర్ 2న. బ్రిటన్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ రాసిన చిన్న ఉత్తరం. అసలు ప్రకటన 67 ఇంగ్లిష్ పదాలు, ట్వీట్ కన్నా కాస్త పెద్దది. పాలస్తీనాలో యూదులకి 'జాతీయ నివాసం' ఏర్పడటానికి బ్రిటన్ సాయం చేస్తుందని దాని సారాంశం. అప్పటికి ఆ ప్రాంతం చట్టప్రకారం ఒట్టోమాన్ సామ్రాజ్యానిది. జనాభాలో దాదాపు 90 శాతం అరబ్బులు. ఆ ఉత్తరంలో వాళ్ళ ప్రస్తావన ఉంది గానీ పేరు లేదు. 'యూదులు కాని సమాజాలు' అని ఉంది. వాళ్ళ పౌర, మత హక్కులకి భంగం రాకూడదని ఉంది. రాజకీయ హక్కుల మాట లేదు. ఒక ఊళ్ళో పదిమందిలో తొమ్మిది మందిని 'మిగతావాళ్ళు' అనడం ఎలా ఉంటుందో ఆలోచించండి. మన పెద్దవాళ్ళు దీన్ని అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటారు.

ఇందులో మన వాళ్ళ పాత్ర కూడా కొంచెం ఉంది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్‌లో ఉండే మూడు సైనిక విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాలవి. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు బ్రిటిష్ సైన్యంలో భాగంగా పాలస్తీనాలో పోరాడారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టుకున్న బ్రిగేడ్ అదే. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. ఎవరి నేలో ఎవరికో ఇవ్వడానికి ఎవరో పంపితే వెళ్ళి చచ్చిపోయిన మన సైనికులని కూడా ఎవరూ ఏమీ అడగలేదు అనుకోండి, అది వేరే కథ.

యూదుల వైపు నుంచి చూడకపోతే ఈ కథ సగమే. రష్యాలో, తూర్పు యూరప్‌లో వాళ్ళ మీద తరచూ మూకదాడులు జరిగేవి. తర్వాత హిట్లర్ 60 లక్షల మందిని చంపించాడు. పారిపోయినవాళ్ళకి తలుపులు తెరిచిన దేశాలు తక్కువ. మనకంటూ ఒక దేశం ఉంటే తప్ప బతకలేం అని వాళ్ళు అనుకోవడంలో నాకు ఏ వంకా కనిపించదు. అది దురాశ కాదు, ప్రాణభయం. 1948 తర్వాత ఇరాక్, యెమెన్, ఈజిప్టు లాంటి దేశాల నుంచి లక్షల మంది యూదులు ఇళ్ళు వదిలి ఇజ్రాయెల్ వచ్చారు. వాళ్ళ మనవళ్ళని "యూరప్‌కి వెనక్కి పోండి" అనే రీల్స్ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్ళు యూరప్ ఎప్పుడు చూశారని?

1947 నా వాదనకి కాస్త అడ్డం వస్తుంది, అదీ చెప్పాలి. ఐరాస ఒక కమిటీ వేసి పాలస్తీనాకి పంపింది. ఈసారి అరబ్బులని పిలిచారు. వాళ్ళ నాయకత్వమే బహిష్కరించింది. ఆ కమిటీలో సభ్యురాలైన ఇండియా, ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి ఒకే ఫెడరల్ దేశం ఉండాలని చెప్పింది. మెజారిటీ విభజన కోరింది. జనాభాలో మూడో వంతు ఉన్న యూదులకి సగం కన్నా ఎక్కువ నేల వచ్చే ప్లాన్ అది. 1947 నవంబర్ 29న 33-13 ఓట్లతో పాసైంది. మనం వ్యతిరేకంగా ఓటేశాం. అన్యాయమైన ప్లాన్ అని బహిష్కరించడం అర్థమవుతుంది. కానీ గదిలోకి వెళ్ళి గొడవపడటానికీ బయట నిలబడటానికీ ఉన్న తేడా ఏంటో తర్వాతి ఏడాదే తెలిసింది. యుద్ధం జరిగింది, 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్ళు పోగొట్టుకున్నారు. వాళ్ళు దాన్ని 'నక్బా' అంటారు, మహా విపత్తు అని. గాజాలో ఇప్పుడున్న జనంలో ఎక్కువమంది ఆ శరణార్థులు, వాళ్ళ పిల్లలు, మనవళ్ళే.

నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది ఆ తర్వాతి 19 ఏళ్ళు. 1948 నుంచి 1967 దాకా గాజా ఈజిప్టు చేతిలో ఉంది, వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ చేతిలో ఉంది. 'పాలస్తీనా సోదరుల' కోసం యుద్ధం చేశామన్న దేశాలు కదా, అక్కడ ఒక పాలస్తీనా దేశం పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. జోర్డాన్ 1950లో వెస్ట్ బ్యాంక్‌ని తనలో కలిపేసుకుంది. 1967లో ఆరు రోజుల యుద్ధంలో రెండూ ఇజ్రాయెల్ చేతికి వచ్చాయి. ఆ తర్వాత భద్రతా మండలి చేసిన 242వ తీర్మానం ఇప్పటికీ అన్ని శాంతి చర్చలకీ పునాది. దాన్ని ఒకసారి చదవండి, ఒక పేజీ కూడా ఉండదు. అందులో 'పాలస్తీనీయులు' అనే మాట ఒక్కసారి కూడా రాదు. 'శరణార్థుల సమస్య' అని ఉంది, అంతే.

ఇక క్యాంప్ డేవిడ్. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన వాటన్నిటికీ టెంప్లేట్ ఇదే అని నా అభిప్రాయం.

1978 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు కార్టర్, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ని, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ని కొండల్లో ఉన్న తన విడిది ఇంట్లో 13 రోజులు కూర్చోబెట్టారు. చివరికి రెండు పత్రాలు బయటికి వచ్చాయి. ఒకటి ఈజిప్టు-ఇజ్రాయెల్ మధ్య శాంతికి. అందులో అంతా స్పష్టం: సైనాయ్ ఎడారిని ఇజ్రాయెల్ తిరిగి ఇవ్వాలి, ఈజిప్టు గుర్తించాలి. రెండోది వెస్ట్ బ్యాంక్, గాజాలకి స్వయంపాలన గురించి. అది మాత్రం ఐదేళ్ళ పరివర్తన దశ, తర్వాత చర్చలు, వగైరా వగైరా. రెండో పత్రం రాసేటప్పుడు ఆ ఇంట్లో ఒక్క పాలస్తీనీయుడూ లేడు. ఇది నచ్చక సాదత్ సొంత విదేశాంగ మంత్రి మహమ్మద్ ఇబ్రహీం కామెల్ అక్కడే రాజీనామా చేశారు.

మొదటి పత్రం అమలైంది. 1979 మార్చిలో ఒప్పందం, 1982 ఏప్రిల్ కల్లా సైనాయ్ దాదాపు అంతా ఈజిప్టుకి. అప్పటి నుంచి ఆ రెండు దేశాల మధ్య యుద్ధం రాలేదు. రెండో పత్రం కాగితంగానే మిగిలింది. ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. "పాలస్తీనీయులని పక్కనపెట్టిన ఒప్పందాలన్నీ ఫెయిలయ్యాయి" అని రాయడం ఈజీ, కానీ అది అబద్ధం. సంతకం పెట్టినవాళ్ళ వరకూ అవి భేషుగ్గా పనిచేశాయి. అందుకే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు. బిల్లు మాత్రం ఆ టేబుల్ దగ్గర లేనివాళ్ళకి వెళ్తుంది. కట్టలేని బిల్లు కాబట్టి కొన్నేళ్ళకి అది మళ్ళీ అందరి గుమ్మం ముందుకూ వస్తుంది. 1982 జూన్‌లో ఇజ్రాయెల్ పీఎల్ఓని తరమడానికి లెబనాన్ మీదకి వెళ్ళింది. దక్షిణాన ఈజిప్టు బెడద లేదు కాబట్టి ఆ పని తేలికైంది. అదే ఏడాది బీరూట్‌లో సబ్రా, షతీలా శరణార్థి శిబిరాల్లో ఊచకోత జరిగింది. చంపింది లెబనాన్ క్రైస్తవ మిలీషియా, చుట్టూ కాపలా ఉన్నది ఇజ్రాయెల్ సైన్యం. 1987 డిసెంబర్‌లో గాజాలో మొదటి ఇంతిఫాదా మొదలైంది. హమాస్ పుట్టింది కూడా అప్పుడే.

అరబ్ సోదరుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన దగ్గర దీన్ని 'ముస్లింలు వర్సెస్ యూదులు' అని చూసేవాళ్ళు ఈ భాగం అసలు చదవరు. 1990లో సద్దాం కువైట్‌ని ఆక్రమిస్తే అరాఫత్ సద్దాం వైపు మొగ్గారు. యుద్ధం అయ్యాక ఏం జరిగింది? తరాలుగా కువైట్‌లో పనిచేసుకుంటున్న పాలస్తీనీయుల్లో 3 లక్షల మందికి పైగా ఆ దేశం వదలాల్సి వచ్చింది. గల్ఫ్‌కి పోయినవాళ్ళున్న మన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్ళకి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మనవాళ్ళకి కనీసం తిరిగి రావడానికి ఊరుంది. లెబనాన్‌లో పాలస్తీనా శరణార్థులు నాలుగో తరం వచ్చినా చాలా వృత్తులు చేయకూడదు. సిరియాలో అసద్ ప్రభుత్వం, 'పాలస్తీనా కోసం ప్రతిఘటన' అని రోజూ చెప్పే ఇరాన్ కూటమిలో ఉంటూనే, డమాస్కస్ పక్కన యార్ముక్ శిబిరాన్ని 2013 నుంచి దిగ్బంధించి పాలస్తీనీయులని ఆకలికి చంపింది. ఇరాన్‌కి గానీ, హిజ్బొల్లాకి గానీ పాలస్తీనా మీద ఉన్న ప్రేమ ఎంతో కొలవాలంటే నాకు యార్ముక్ ఒక్కటి చాలు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

"మరి ఓస్లోలో పిలిచారు కదా, ఏం చేశారు?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. అవును, నిజంగా పిలిచింది అప్పుడే. 1991 మాడ్రిడ్ సదస్సులో కూడా పాలస్తీనీయులని విడిగా రానివ్వలేదు, జోర్డాన్ బృందంలో భాగంగా కూర్చోబెట్టారు. 1993లో నార్వేలో రహస్యంగా ముఖాముఖి మాట్లాడుకున్నారు. సెప్టెంబర్ 9న ఉత్తరాలు మార్చుకున్నారు, 13న వైట్‌హౌస్ ముందు అరాఫత్, రబిన్ చేతులు కలిపారు. ఆ ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. శాంతిభద్రతలతో ఉనికిలో ఉండే హక్కు ఇజ్రాయెల్ అనే దేశానికి ఉందని అరాఫత్ రాశారు. పీఎల్ఓ పాలస్తీనా ప్రజల ప్రతినిధి అని రబిన్ రాశారు. ఒకరు దేశాన్ని గుర్తించారు, ఇంకొకరు సంస్థని గుర్తించారు. పాలస్తీనా దేశం అనే మాటే లేదు. జెరూసలేం, శరణార్థులు, సరిహద్దులు, సెటిల్‌మెంట్లు అన్నీ తర్వాత చూద్దాం అన్నారు.

ఆ 'తర్వాత' రాలేదు. 1995లో వెస్ట్ బ్యాంక్‌ని ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడగొట్టారు. పట్టణాలు ఏ, అక్కడ పాలస్తీనా పాలన. ఊళ్ళు బీ, సగం సగం. మిగతా 60 శాతం నేల సీ, పూర్తిగా ఇజ్రాయెల్ చేతిలో. ఇది ఐదేళ్ళకి తాత్కాలిక ఏర్పాటు అన్నారు. 30 ఏళ్ళయింది, ఇప్పటికీ అదే. 1993లో వెస్ట్ బ్యాంక్‌లో లక్ష పైచిలుకు ఉన్న ఇజ్రాయెల్ సెటిలర్లు ఇప్పుడు 5 లక్షలు దాటారు, అదీ తూర్పు జెరూసలేం లెక్కేయకుండా. ఏ స్థలం గురించి చర్చలో అదే స్థలంలో అవతలివాడు ఇళ్ళు కట్టేస్తుంటే ఎంతసేపు చర్చిస్తారు?

ఇటు వైపు హమాస్ బస్సుల్లో ఆత్మాహుతి దాడులు చేసింది. ఇజ్రాయెల్‌లో సాధారణ మనిషికి ఓస్లో అంటే శాంతి కాదు, పిల్లల్ని బస్సెక్కించాలంటే భయం. అటు వైపు 1994లో హెబ్రాన్ మసీదులో ఒక సెటిలర్ నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. 1995 నవంబర్ 4న రబిన్‌ని చంపింది కూడా ఒక యూదు తీవ్రవాదే. ఓస్లో వాళ్ళని పిలిచినందుకు ఫెయిల్ అవ్వలేదు. పిలిచి, అసలు విషయాలు టేబుల్ మీద పెట్టకపోవడం వల్ల, పెట్టకూడదని రెండు వైపులా తుపాకులు పట్టుకున్నవాళ్ళు గెలవడం వల్ల ఫెయిల్ అయింది.

2005లో ప్రధాని షరాన్ గాజా నుంచి సైన్యాన్ని, సెటిలర్లందరినీ ఖాళీ చేయించారు. "గాజా ఇచ్చేస్తే రాకెట్లు వచ్చాయి" అనే వాదన మీరు వినే ఉంటారు. రాకెట్లు వచ్చిన మాట నిజమే. కానీ షరాన్ దాన్ని ఒప్పందంగా చేయలేదు, ఏకపక్షంగా చేశారు. గగనతలం, సముద్రం, సరిహద్దులో ఎక్కువ భాగం ఇజ్రాయెల్ దగ్గరే ఉన్నాయి. అప్పుడే ఎన్నికైన మహమూద్ అబ్బాస్, చర్చలే దారి అని చెప్పే మనిషి, "చూడండి, మాట్లాడి సాధించాను" అని చూపించుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. "మా తుపాకులకి భయపడి పోయారు" అని హమాస్ చెప్పుకుంది. ఆర్నెల్లలోపే ఎన్నికలు వచ్చాయి, 132 సీట్లలో 74 హమాస్‌కి.

ఆ ఎన్నికలు 2006 జనవరి 25న. అప్పటికి నేను ఇంకా పుట్టలేదు, కొన్ని నెలల తర్వాత పుట్టాను. అవే పాలస్తీనాలో చివరి పార్లమెంట్ ఎన్నికలు. అంటే నా వయసు గాజా కుర్రాడి జీవితకాలంలో ఒక్కసారి కూడా అక్కడ ఎవరూ తమ పార్లమెంటుకి ఓటేయలేదు. మనం మొన్న 18 నిండగానే ఓటర్ ఐడీ అప్లై చేసి వేలి మీద సిరాతో సెల్ఫీలు ఎప్పుడు పెడదామా అని చూస్తున్నాం. అక్కడ 2007లో హమాస్, ఫతా కొట్టుకుని గాజా ఒకరు, వెస్ట్ బ్యాంక్ ఒకరు పంచుకున్నారు. అబ్బాస్ 2005లో నాలుగేళ్ళకి ఎన్నికయ్యారు. ఇప్పటికీ ఆయనే. 2021 మేలో ఎన్నికలు పెడతామని ప్రకటించి, తూర్పు జెరూసలేంలో ఓటింగ్‌కి ఇజ్రాయెల్ ఒప్పుకోలేదన్న కారణం చూపించి ఏప్రిల్‌లో వాయిదా వేశారు. ఓడిపోతామన్న భయం కూడా ఉందని అందరికీ తెలుసు. ఇక హమాస్ అక్టోబర్ 7కి ముందు గాజా జనాన్ని అడిగిందా? తర్వాత ఏం జరుగుతుందో తెలిసి, వాళ్ళకి ఒక్క షెల్టర్ కట్టకుండా, తను మాత్రం సొరంగాల్లోకి వెళ్ళింది. గాజా జనాభాలో దాదాపు సగం 18 లోపు పిల్లలు. వాళ్ళ తరఫున అందరూ మాట్లాడారు.

మళ్ళీ ఒప్పందాల దగ్గరికి వస్తే, 2002లో అరబ్ దేశాలన్నీ బీరూట్‌లో ఒక మంచి ప్రతిపాదన చేశాయి. ఇజ్రాయెల్ 1967లో ఆక్రమించిన నేల వదిలి, పాలస్తీనా దేశం ఏర్పడితే, మేమందరం సాధారణ సంబంధాలు పెట్టుకుంటాం అని. మన భాషలో చెప్పాలంటే అది ఇఫ్ కండిషన్. కండిషన్ ట్రూ అయితేనే లోపలి లైన్ రన్ అవ్వాలి. 2020 సెప్టెంబర్ 15న యూఏఈ, బహ్రెయిన్ అబ్రహాం ఒప్పందాల మీద సంతకాలు పెట్టి ఆ లైన్‌ని ఇఫ్ బయటికి తీసేశాయి. కండిషన్ చెక్ చేయకుండానే రన్ అయిపోయింది. ఒక్కొక్కరికీ ఒక్కో గిఫ్ట్: మొరాకోకి పశ్చిమ సహారా మీద అమెరికా గుర్తింపు, సుడాన్‌కి ఉగ్రవాద దేశాల లిస్టు నుంచి విముక్తి. యూఏఈ చెప్పిన కారణం ఒకటుంది, వెస్ట్ బ్యాంక్‌ని కలుపుకోవడం ఇజ్రాయెల్ ఆపిందని. ఆపింది నిజమే, వాయిదాగా. సెటిల్‌మెంట్లు మాత్రం ఆగలేదు. గాజా యుద్ధంలో కూడా ఆ ఒప్పందాలు రద్దు కాలేదు. ఇందాక చెప్పాను కదా, సంతకం పెట్టినవాళ్ళకి ఇవి బాగానే పనిచేస్తాయి. 2023 సెప్టెంబర్‌లో సౌదీ కూడా ఆ లైన్లోనే ఉంది. నెతన్యాహు మ్యాప్ పట్టుకున్న ఆ వారం, అందరి దృష్టీ సౌదీ ఎప్పుడు సంతకం పెడుతుందా అన్న దాని మీదే.

2025లో ఏమైనా మారిందా? సెప్టెంబర్‌లో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ పాలస్తీనాని దేశంగా గుర్తించాయి. బాల్ఫోర్ ఉత్తరం రాసిన దేశానికి 108 ఏళ్ళు పట్టింది. ఆ గుర్తింపు సభ న్యూయార్క్‌లో జరుగుతుంటే అబ్బాస్‌కి అమెరికా వీసా ఇవ్వలేదు. రమల్లా నుంచి వీడియోలో మాట్లాడారు. అక్టోబర్ 10న కాల్పుల విరమణ వచ్చింది. బందీలు ఇళ్ళకి చేరారు, బాంబులు తగ్గాయి, అది చిన్న విషయం కాదు. 13న షర్మ్ ఎల్ షేక్‌లో పత్రం మీద సంతకాలు పెట్టింది ట్రంప్, ఈజిప్టు, ఖతార్, టర్కీ నాయకులు. అబ్బాస్ ఈసారి వచ్చారు, ఫోటోలో ఉన్నారు, సంతకంలో లేరు. నవంబర్ 17న భద్రతా మండలి 2803వ తీర్మానం పాస్ చేసింది. గాజా బాధ్యత 'శాంతి మండలి' అనే సంస్థకి. దానికి చైర్మన్ అమెరికా అధ్యక్షుడు. రోజువారీ పనులు, అంటే చెత్త, నీళ్ళు, కరెంటు లాంటివి చూసుకోవడానికి పాలస్తీనా నిపుణుల కమిటీ ఒకటి, ఆ మండలి కింద.

గాజా శిథిలాలు ఎత్తాలంటే డబ్బు కావాలి, సైన్యం కావాలి, హమాస్ ఆయుధాలు వదలాలి. ఇవన్నీ బయటివాళ్ళు లేకుండా జరగవని నాకు తెలుసు. హమాస్‌నే మళ్ళీ కూర్చోబెట్టమని నేను అనట్లేదు. ఎన్నికలకి తేదీ వేయండి అంటున్నాను. ఎన్ని నెలల్లో కాంక్రీటు వస్తుందో లెక్కేసేవాళ్ళు ఎన్ని నెలల్లో బ్యాలెట్ పెట్టె వస్తుందో కూడా లెక్కేయాలి. ఓటుతో వచ్చిన మనిషి సంతకం లేని ఏ పత్రమైనా క్యాంప్ డేవిడ్ రెండో కాగితం లాగే అవుతుంది. ఎన్నికలు పెడితే మళ్ళీ హమాసే గెలిస్తే? గెలవొచ్చు, ఆ రిస్క్ ఉంది. ఇరవై ఏళ్ళు ఎన్నికలు పెట్టకపోతే హమాస్ పోయిందా మరి?

ఇది మనకెందుకు అనే ఫ్రెండ్స్ కోసం ఒక మాట. అక్టోబర్ 7 తర్వాత ఇజ్రాయెల్, లక్షకి పైగా పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. ఎక్కువమంది బిల్డింగ్ పనివాళ్ళు. ఆ ఖాళీలు నింపడానికి ఇండియా నుంచి వేలమందిని తీసుకెళ్ళారు. హైదరాబాద్‌లో కూడా ఆ సెలక్షన్లు జరిగాయి. సెంట్రింగ్, ఐరన్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులకి నెలకి లక్ష రూపాయల పైన జీతం. వెళ్ళినవాళ్ళని ఒక్క మాట అనను. ఇక్కడ రోజుకి వెయ్యి రూపాయలు రాని మేస్త్రీకి అది పిల్లల చదువు, చెల్లి పెళ్ళి, అప్పు తీరడం. కానీ ఆ పరంజా మీద నిన్నటిదాకా నిలబడ్డ మనిషి నాబ్లుస్ లోనో హెబ్రాన్ లోనో పని లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. అతను అక్టోబర్ 7న ఎవరినీ చంపలేదు. వాళ్ళిద్దరి మధ్యా శత్రుత్వమేమీ లేదు. ఇద్దరికీ తెలియకుండా రెండు ప్రభుత్వాలు ఒక కాగితం మీద లెక్క సరిచేసుకున్నాయి.

ఇండియా ఈ విషయంలో చేయగలిగింది ఉంది. ఇజ్రాయెల్ మనకి ఆయుధాలిస్తుంది, డ్రిప్ ఇరిగేషన్ టెక్నాలజీ ఇస్తుంది, గల్ఫ్ మనకి ఆయిలూ ఉద్యోగాలూ ఇస్తుంది, పాలస్తీనాతో పాత స్నేహం ఉంది. అందరితో మాట్లాడగలిగే దేశాలు చాలా తక్కువ. 2025 సెప్టెంబర్‌లో రెండు దేశాల పరిష్కారం కోరే న్యూయార్క్ డిక్లరేషన్‌కి మనం అనుకూలంగా ఓటేశాం. ఓటు వేసి ఊరుకోవడం కన్నా తేలికైన పని ఒకటుంది. ఆ ఎర్ర గీత కారిడార్ మీద సంతకం పెట్టినవాళ్ళలో మనం ఒకరం, దానికి పేరు పెట్టింది మన ఊళ్ళోనే. దాని తర్వాతి మీటింగ్‌కి రమల్లా నుంచి ఒక ప్రతినిధిని పిలవండి, గాజా ఓడరేవు కూడా ఆ ప్లాన్‌లో పెట్టండి అని మనం అడగొచ్చు. పాలస్తీనాని మనం దేశంగా గుర్తించింది 1988లో.